టేపు పట్టుకుని స్పీడ్ బ్రేకర్లు కొలిచాక కారు ఎత్తు తగ్గించాను

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. ఎత్తు 9.5 సెంటీమీటర్లు, వెడల్పు 80. పోయినేడు ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున మెజెస్టిక్ బస్టాండు నుంచి మా నాయనను తీసుకొస్తూ దాన్ని ఎంత మెల్లగా దాటించినా కింద గరగరమని ఇనుము రాసుకున్న చప్పుడు వచ్చింది. వెనక డిక్కీలో ఊరి నుంచి తెచ్చిన వేరుశనక్కాయల సంచి ఉంది. నాయన ఏమీ అనలేదు. బేస్‌మెంట్‌లో బండి ఆపాక సంచి కూడా దించనివ్వకుండా కారు వెనక్కి వెళ్లి, ఎడమ మూల మీద రెండు చేతులూ పెట్టి బలంగా నొక్కి వదిలాడు. బాడీ పైకి లేచింది, దిగింది, మళ్లీ లేచింది, మళ్లీ దిగింది.

"షాకబ్జర్లు పోయినాయి రా. స్ప్రింగులు మార్చినావు, వాటిని పట్టుకునేవాటిని అట్లే వదిలేసినావు" అన్నాడు.

ఆయన 28 ఏళ్లు అనంతపురం ఆర్టీసీ డిపో గ్యారేజీలో మెకానిక్‌గా పనిచేశాడు. ఆయన చేతుల్లో నలిగినవన్నీ బస్సుల కమాన్లే, అంటే పట్టీల స్ప్రింగులే, ఇలాంటి కారును అంతకుముందు ముట్టుకోలేదు. అయినా ఒక్క నొక్కుతో, నేను ఆరు వారాలుగా తల పట్టుకున్న సమస్య ఎక్కడుందో చెప్పేశాడు.

కారు 2012 మోడల్ ఆడి టీటీ, 2.0 టర్బో పెట్రోల్, క్వాట్రో, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందేది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. చిన్నప్పటి నుంచి నాకు ఆ గుండ్రటి ఆకారం అంటే ప్రాణం. అందులో నా కంటికి నచ్చనిది ఒక్కటే, టైరుకూ పైన ఫెండర్ అంచుకూ మధ్య ఖాళీ. నాలుగు వేళ్లు అడ్డంగా దూరేంత సందు. కారు ఇంకొంచెం కిందికి కూర్చుంటే బాగుంటుందనిపించేది. ఆ ఆశతోనే మొదటి పొరపాటు చేశాను. ఊళ్లో ఒక షాపులో 35 మిల్లీమీటర్లు తగ్గిస్తాయన్న స్ప్రింగులు మాత్రమే కొని వేయించుకున్నాను. షాకులు చూడమని అడిగితే "బాగానే ఉన్నాయి సార్, ఇంకో 30 వేలు తిరుగుతాయి" అన్నారు. మీటరు అప్పటికే 71 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. షాకులు కంపెనీ నుంచి వచ్చినవే, అంటే పదేళ్లు దాటినవి.

మొదటి రోజు ఫొటోలు తీసుకున్నంతసేపూ ఆనందంగానే ఉంది. రెండో రోజు ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ ఎక్కాను. అక్కడ వరసగా వచ్చే ఎక్స్‌పాన్షన్ జాయింట్ల మీద ఒక ఊపు తగ్గకముందే ఇంకో ఊపు మొదలైంది. 80 దగ్గర స్టీరింగ్ తేలిగ్గా అయిపోయింది, వెనక భాగం పడవలా ఊగింది. కింద వీధుల్లో దానికి పూర్తిగా తేడా. చిన్న గుంతకు కూడా ఠప్ మని వీపు మీద చరిచినట్టు తగిలేది. పైన మెత్తగా ఊగే బండి కింద ఇంత గట్టిగా ఎందుకు కొడుతోందో నాకు అర్థం కాలేదు.

నాయన ఆ నాలుగు రోజులూ ఇక్కడే ఉన్నాడు. శనివారం ఇద్దరం కారు జాక్ మీద లేపి, వెనక చక్రం తీసి, టార్చి లైటు వేసి చూశాం. కారు నేల మీద ఉన్నప్పుడు షాక్ రాడ్డుకూ బంప్ స్టాప్‌కూ మధ్య మిగిలే జాగా లెక్కేస్తే 16 మిల్లీమీటర్లు వచ్చింది. బంప్ స్టాప్ అంటే షాక్ పూర్తిగా దిగిపోకుండా చివర్లో అడ్డుపడే రబ్బరులాంటి ముక్క. మెల్లగా నొక్కితే మెత్తగానే ఉంటుంది, నొక్కేకొద్దీ రాయిలా అవుతుంది. మా వీధిలో గుంత అంటే 16 మిల్లీమీటర్లు ఏ మూలకు సరిపోతుంది? దాదాపు ప్రతి కుదుపుకూ నా కారు స్ప్రింగును దాటి ఆ ముక్క మీద కూర్చుంటోందన్నమాట. ఠప్ మన్న చప్పుడు అదే. ఎడమ వెనక షాక్ ఒంటి మీద నూనె చెమ్మ కూడా కనిపించింది.

కంపెనీ నుంచి వచ్చిన పాత స్ప్రింగులు పారేయకుండా దాచుకోవడం నా అదృష్టం. మరుసటి వారం వాటినే మళ్లీ వేయించి అదే కొలత తీశాను. 57 మిల్లీమీటర్లు. 41 మిల్లీమీటర్లు నేను నా డబ్బు పెట్టి పోగొట్టుకున్నాను. 35 తగ్గుతుందన్న స్ప్రింగు వెనక 41, ముందు 38 తగ్గించింది. షాపువాడు చెప్పే అంకె ఒకటి, మన బండి మీద కూర్చునేది ఒకటి. మన దగ్గర ఎంత తగ్గిందో తెలియాలంటే చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా ముందు కొలిచి పెట్టుకోవాలి. నేల నుంచి కొలిస్తే టైరు గాలిని బట్టి, అరుగుదలను బట్టి మారిపోతుంది.

తరువాత చాలా రోజులు చదువుతూనే గడిపాను. ఎత్తు తగ్గిస్తే కారు రోడ్డును పట్టుకుంటుందని అందరూ అనేదే. అందులో నిజమెంతో ఒకసారి లెక్క వేసుకుంటే తెలుస్తుంది. మలుపులో లోపలి చక్రాల మీద నుంచి బయటి చక్రాల మీదికి మారే బరువు, బండి బరువు కేంద్రం ఎంత ఎత్తులో ఉంటే అంత. అది నేల నుంచి 50 సెంటీమీటర్లలో ఉందనుకుంటే, 20 మిల్లీమీటర్లు దించితే తగ్గేది 4 శాతం. లాభమే, కానీ నేను ఊహించుకున్నంత కాదు. దానికి ఎదురు నష్టం ఒకటుంది. టీటీకి ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్, అంటే స్ప్రింగూ షాకూ కలిసిన ఒక నిలువు గొట్టం (స్ట్రట్) పైన, చక్రాన్ని బండికి కలిపే ఒక ఆర్మ్ కింద. కింది ఆర్మ్ మామూలుగా నేలకు సమాంతరంగానో, చక్రం వైపు కొద్దిగా వాలో ఉంటుంది. బండి బాగా దించితే ఆ ఆర్మ్ చక్రం వైపు పైకి లేచిపోతుంది. అప్పుడు రోల్ సెంటర్, అంటే బాడీ పక్కకు ఒరిగేటప్పుడు తిరిగే ఊహా బిందువు, బరువు కేంద్రం కంటే ఎక్కువ దూరం కిందికి పోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగితే బాడీని ఒరగదోసే బలం కూడా పెరుగుతుంది. స్ప్రింగు గట్టిగా లేకపోతే, దించిన కారు దించని కారు కంటే ఎక్కువ ఒరగవచ్చు కూడా. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆరు వారాలు నేను నడిపింది అదే కారు.

స్ప్రింగు గట్టిపడితే షాకూ గట్టిపడాలి, కానీ రెండూ ఒకే లెక్కలో కాదు. స్ప్రింగు 30 శాతం గట్టిదైతే, దాన్ని అదే తీరుగా అదుపు చేయడానికి షాక్ సుమారు 14 శాతం బలంగా ఉండాలి, వర్గమూలం లెక్క. అరిగిన షాక్ మీద గట్టి స్ప్రింగు వేయడమంటే రెండు వైపులా నష్టపోవడమే. పొట్టి స్ప్రింగును మామూలు పొడవు షాక్ మీద వేస్తే ఇంకో ప్రమాదం ఉంది. చక్రం గాలిలో వేలాడినప్పుడు స్ప్రింగు తన గిన్నెలో వదులైపోవచ్చు. తగ్గించిన కారుకు పొట్టిగా చేసిన షాకులు విడిగా అమ్మడానికి కారణం ఇదే.

నా అవసరం ఏమిటో తేల్చుకోవడానికి రోడ్డునే అడగాలనిపించింది. ఒక ఆదివారం రాత్రి పదకొండు దాటాక, మా ఆఫీసులో పనిచేసే గుంటూరు కుర్రాడిని తోడు తీసుకుని, టేపూ, నిటారు చెక్క బద్దా, స్పిరిట్ లెవెల్ పట్టుకుని బయల్దేరాను. మా ఇంటి నుంచి బెళ్లందూరు ఆఫీసు దాకా నేను తప్పించుకోలేని స్పీడ్ బ్రేకర్లు 14. ఒక్కొక్కదాని ఎత్తూ వెడల్పూ రాసుకున్నాం. ఇద్దరు సెక్యూరిటీ గార్డులు ఏం చేస్తున్నారని అడిగారు. చెప్తే ఒకాయన తనే టార్చి పట్టుకున్నాడు.

మన దేశంలో రోడ్ హంప్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన కొలత ఉంది. 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపు, 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి సరిపోయేలా. నా కారు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,468 మిల్లీమీటర్లు. ఆ కొలత ప్రకారం కట్టిన హంప్ మీద నాలుగు చక్రాలూ ఎక్కి ఉన్నప్పుడు మధ్యలో నేల ఎంత పైకి ఉబ్బుతుందో లెక్క వేశాను. నాలుగున్నర సెంటీమీటర్లు, అంతే. అంటే 10 సెంటీమీటర్ల ఎత్తున్న హంప్‌ను 6 సెంటీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్న కారు కూడా కడుపు రాసుకోకుండా దాటగలదు. మేం కొలిచిన 14లో ఆ వెడల్పుకు దగ్గరగా ఉన్నది ఒక్కటి, ఆఫీసు క్యాంపస్ లోపలిది. మిగతావన్నీ 60 నుంచి 110 సెంటీమీటర్ల వెడల్పే. రెండు ఇరుసుల మధ్య పూర్తిగా ఇమిడిపోతాయి కాబట్టి ఎత్తు ఎంత ఉంటే అంతా కడుపుకు తగులుతుంది. నా బాధ ఎత్తుతో కాదు, ఇరుకుతో అని ఆ రాత్రి తెలిసింది. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అంబులెన్సులో నడుము విరిగిన మనిషి కూడా వీటి మీద నుంచే పోవాలి.

ఆ కాగితం మీద చివరి లెక్క ఇలా తేలింది. కంపెనీ స్ప్రింగులతో, నేను ఒక్కడినే కూర్చుంటే, కారు కింద అన్నిటికంటే దిగువన ఉన్న చోటు నేల నుంచి 135 మిల్లీమీటర్లు. పక్కన ఇంకొకరు కూర్చుని ట్యాంకు నిండితే 8 తగ్గుతుంది. తప్పించుకోలేని వాటిలో ఎత్తైనది 105. మిగిలింది 22. హరళూరు వైపు 120 ఉన్నది ఒకటుంది, దాన్ని ఏటవాలుగా ఎక్కించి ఒక్కో చక్రంతో దాటాలి, లేదా ఆ దారి మానుకోవాలి. నాకు రోడ్డు ఇచ్చిన అనుమతి 20 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. 35 అన్నది ఎప్పుడూ నాది కాదు.

ఈ అంకె చేతికొచ్చాక ఎంపిక సగం తనంతట తనే అయిపోయింది.

కాయిలోవర్ల మీద, అంటే స్ప్రింగులూ షాకులూ జోడుగా వచ్చే కిట్ల మీద, నాకు మోజు ఉండేది. మరలు తిప్పి ఎత్తు మార్చుకోవచ్చు. బిల్‌స్టీన్ కంపెనీ బి14లో ఎత్తు మాత్రమే మార్చుకోవచ్చు, బి16లో షాక్ గట్టిదనం కూడా. ఇంకో కంపెనీ కేడబ్ల్యూ వేరియంట్ 1లో ఎత్తు, 2లో దాంతో పాటు రీబౌండ్ (షాక్ సాగేటప్పటి గట్టిదనం), 3లో రీబౌండ్, కంప్రెషన్ (నలిగేటప్పటి గట్టిదనం) రెండూ విడివిడిగా. కేడబ్ల్యూ వాళ్లు స్ట్రట్ గొట్టాన్ని స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేస్తారు, మన వానాకాలం బురదకు అది పెద్ద సుగుణం. కానీ ఎత్తు మార్చుకోవచ్చు అంటే కంపెనీ ఎత్తు దాకా లేపుకోవచ్చని కాదు. నేను అడిగి తెలుసుకున్న కిట్లలో ఎక్కువ వాటికి అన్నిటికంటే పై స్థానమే 30 తగ్గుదల దగ్గర మొదలైంది. నా 22లో అది ఇమడదు. ఆశ చావక, మా స్నేహితుడి ఆక్టేవియాలో కూర్చుని చూశాను, దానికి కాయిలోవర్లు వేసి బాగా దించాడు. నైస్ రోడ్డు మీద అద్భుతంగా ఉంది, రైలు పట్టాల మీద పోయినట్టు. బెళ్లందూరు చెరువు పక్కన రోడ్డు మీదికి రాగానే వాడే ముఖం చిట్లించుకుని ప్రతి గుంతకూ పక్కకు కోస్తున్నాడు. నేను నెలలో ఇరవై ఆరు రోజులు ఆ రోడ్డు మీద ఉంటాను.

ఎయిర్ సస్పెన్షన్, అంటే స్ప్రింగుల బదులు గాలి సంచులు, దాని గురించి ఒక సాయంత్రం ఆలోచించి వదిలేశాను. ట్యాంకు, కంప్రెసర్, గొట్టాలు, వాటికి డిక్కీలో జాగా, చెడితే చూసేవాడు ఎక్కడ? విల్సన్ గార్డెన్‌లో ఒకాయన మాత్రం "ఉన్న స్ప్రింగునే ఒకటిన్నర చుట్టు కోసేస్తాం, పది నిమిషాల పని" అన్నాడు. దయచేసి ఎవరూ ఆ పని చేయించుకోవద్దు. స్ప్రింగు చివరి చుట్టు గిన్నెలో సరిగ్గా కూర్చునేలా మలిచి ఉంటుంది. కోసిన అంచు అలా కూర్చోదు. వేడి చేసి కుంగదీస్తే ఉక్కుకు పెట్టిన పదునే పోతుంది.

మిగిలిన దారి, తక్కువ తగ్గించే స్ప్రింగులు, వాటికి జోడుగా పొట్టి షాకులు. స్ప్రింగులు చేసే ఐబాక్‌లో స్పోర్ట్‌లైన్ ఎక్కువ దించుతుంది, ప్రో-కిట్ మోస్తరుగా. బిల్‌స్టీన్‌లో బి6 కంపెనీ ఎత్తుకు, బి8 తగ్గించిన కార్లకు. బి8 షాకులూ ప్రో-కిట్ స్ప్రింగులూ కలిపి ఒకే పెట్టెలో అమ్మేది బి12. నాలుగు మూలలకూ ఒకరే కూర్చుని జోడు కుదిర్చిన సెట్ కావడం నాకు చాలా ముఖ్యంగా అనిపించింది. దానికి కారణం ఉంది. ముందు చక్రం గుంతలో పడ్డాక కాసేపటికి గానీ వెనక చక్రం పడదు. ఆలస్యంగా మొదలైన వెనక భాగం ముందు భాగాన్ని అందుకోవాలంటే, వెనక స్ప్రింగు ఊగే వేగం ముందుకంటే కొంచెం ఎక్కువ ఉండాలి. లేకపోతే కారు ముక్కూ తోకా ఎగిరెగిరి పడుతుంది. 1930లలో క్యాడిలాక్‌లో పనిచేసిన మారిస్ ఒల్లీ పెట్టిన లెక్క ఇది. ముందు ఒక బ్రాండు, వెనక ఒక బ్రాండు తగిలించుకుంటే ఈ పొందిక ఎవరు చూస్తారు?

ఆర్డర్ పెట్టేముందు ఇంకా కొన్ని చూసుకోవాలి. ఈ ప్లాట్‌ఫారం కార్లలో ముందు స్ట్రట్ గొట్టం వ్యాసం 50 మిల్లీమీటర్లూ ఉంటుంది, 55 కూడా ఉంటుంది. తప్పు పెట్టె వస్తే నకిల్‌లో, అంటే చక్రాన్ని మోసే ఇనుప దిమ్మలో, దూరదు. వెర్నియర్ పెట్టి కొలిస్తే నాది 55. మాగ్నెటిక్ రైడ్ (షాకుల గట్టిదనాన్ని కరెంటుతో మార్చే ఏర్పాటు) ఉన్న టీటీ అయితే మామూలు షాకులు వేయగానే డాష్‌బోర్డులో వార్నింగ్ వస్తుంది. నా కారులో ఆ బటన్ లేదు, అయినా డిక్కీలో స్పేర్ వీల్ గుంత దగ్గర అంటించిన స్టిక్కర్ మీద కోడ్‌లు చూసి ఖాయం చేసుకున్నాను. ఎస్-లైన్ అనే స్పోర్ట్ సస్పెన్షన్ వచ్చిన కార్లు కంపెనీ నుంచే 10 మిల్లీమీటర్లు కిందికి ఉంటాయి. అలాంటి కారుకు 25 అని రాసిన స్ప్రింగు వేస్తే కంటికి కనిపించే తగ్గుదల 15 మాత్రమే.

చట్టం సంగతి దాచకుండా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖరాఖండిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. నేను ఇది చదివి, భయపడి, రెండు వారాలు ఆగాను. చివరికి రిస్కు నాదేనని తెలిసే ముందుకెళ్లాను. ఇన్సూరెన్స్ కంపెనీకి లిఖితపూర్వకంగా చెప్పి జవాబు ఫైల్‌లో పెట్టుకున్నాను. ఏదీ కోయకుండా, వెల్డింగ్ చేయకుండా, ఒక్క రోజులో మళ్లీ కంపెనీ స్థితికి తేగలిగేవే వాడాలని నియమం పెట్టుకున్నాను. మీరు దిగేముందు మీ పాలసీ కాగితం చదువుకోండి, ఆర్టీవోలో కూడా అడగండి.

పెట్టె రావడానికి ఐదు వారాలు పట్టింది. రవాణా, కస్టమ్స్, జీఎస్టీ కలిపి లక్షా నలభై వేలు దాటింది. ముందు పారేసుకున్న స్ప్రింగుల డబ్బు వేరే.

పని బొమ్మనహళ్లి దగ్గర ఒక చిన్న వర్క్‌షాపులో చేయించాను. మేస్త్రిది మదనపల్లె. నాయన కావాలనే మళ్లీ బస్సెక్కి వచ్చాడు. ఇద్దరూ పది నిమిషాల్లో "ఏ డిపో అన్నా?" "మీదే ఊరప్పా?" అనుకునేదాకా వచ్చేశారు. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టాం. ఈ కారులో ముందు స్ట్రట్ పై బోల్టులు అందాలంటే వైపర్లు, వాటి కింద ప్లాస్టిక్ మూత (కౌల్) తీయాలి. వైపర్ చేతులు పదేళ్లుగా కదలనివి, పుల్లర్ పెట్టి లాగితే గానీ రాలేదు, దానికే గంట పోయింది. కింద స్ట్రట్‌ను నకిల్ గట్టిగా బిగించి పట్టుకుని ఉంటుంది. ఆ చీలికలో పెట్టి తిప్పి వెడల్పు చేసే టూల్ ఒకటి ఉంది. అది లేనివాళ్లు ఉలి పెట్టి సుత్తితో కొడతారు. మా మేస్త్రి దగ్గర టూల్ ఉంది. ఆయనకు పని ఇవ్వడానికి నేను చూసుకున్న మొదటి కారణం అదే.

ముందు షాకులు చేతిలోకి తీసుకుని నాయన చాలాసేపు చూశాడు. బి8 ముందు స్ట్రట్ మోనోట్యూబ్, అంటే ఒకే గొట్టం షాక్, అదీ తలకిందులుగా పెట్టింది. మామూలుగా సన్న రాడ్డు కనిపించే చోట లావు గొట్టం ఉంటుంది, పక్క బలాలకు వంగదు. బంప్ స్టాప్ కూడా లోపలే. లోపల నూనెకూ గ్యాసుకూ మధ్య పిస్టన్ అడ్డు ఉంటుంది కాబట్టి, ఎంత ఊపినా గాలి కలిసి నురగ రాదు. "మా బస్సులకు ఇట్లాంటివి ఇచ్చింటే డ్రైవర్ల నడుములు మిగులుతుండె" అన్నాడు.

విప్పినప్పుడు కుడి ముందు టాప్ మౌంట్ (స్ట్రట్ పై కొనను బాడీకి పట్టే ముక్క) రబ్బరు చీలి ఉంది. ముందే ఊహించి మౌంట్లు, బేరింగులు, వెనక డస్ట్ బూట్లు, ఒక్కసారే వాడాల్సిన బోల్టులు అన్నీ కొత్తవి తెప్పించాను. టార్క్ బిగించాక ఇంకో 90 డిగ్రీలు తిప్పే బోల్టులవి, సాగి బిగుసుకుంటాయి, రెండోసారి నమ్మకూడదు. ఇవన్నీ కలిపి పన్నెండు వేలు అయ్యాయి. ఇక్కడ పీనాసితనం చేస్తే ఇదే కూలి మళ్లీ కట్టాలి.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఒక్కచోట చిన్న మాటామాటా వచ్చింది. వెనక ఆర్మ్ బోల్టులను కుర్రాడు చక్రం వేలాడుతుండగానే బిగించబోయాడు. అలా బిగిస్తే కారు నేల మీద దిగాక రబ్బరు బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, తొందరగా చినిగిపోతుంది, బండి కూడా సరిగ్గా కూర్చోదు. నేను ఆపమన్నాను. మేస్త్రి మొదట "ఏం కాదు సార్" అన్నాడు. నేను కొలతల కాగితం తీసి, హబ్ కింద జాక్ పెట్టి, చక్రం మధ్య నుంచి ఫెండర్ దాకా మనకు కావలసిన దూరం వచ్చేదాకా లేపి అప్పుడు బిగిద్దామన్నాను. నాయన "పిల్లోడు చెప్పేది సరే అప్పా" అన్నాడు. నాలుగు మూలలూ అలాగే చేశాడు. చివరికి "ఇకమీద అన్ని బండ్లకూ ఇట్లే చేస్తా" అన్నాడు. ఆ మాట నాకు చాలా సంతోషమనిపించింది.

రాత్రి ఏడున్నరకు కారు దింపాం. నాయన వెళ్లి అదే ఎడమ వెనక మూల మీద చేతులు పెట్టి నొక్కి వదిలాడు. బాడీ లేచి, అక్కడే ఆగిపోయింది. ఇంకోసారి నొక్కాడు. ఏమీ అనకుండా చేతులు తుడుచుకున్నాడు.

మర్నాడు అలైన్‌మెంట్. ముందు క్యాంబర్, అంటే చక్రం నిలువు నుంచి లోపలికో బయటికో వాలిన కోణం, ఎడమ −0.8, కుడి −1.2 డిగ్రీలు. ఈ కారులో ముందు క్యాంబర్ విడిగా మార్చలేం. కింది ఆర్మ్‌లను మోసే సబ్‌ఫ్రేమ్ బోల్టులు వదులు చేసి కొద్దిగా పక్కకు జరిపితే రెండు వైపులూ సమానమవుతాయి, జరిపాక రెండూ −1.0 అయ్యాయి. వెనక క్యాంబర్, టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం) రెండూ మార్చుకోవచ్చు. −1.9 ఉన్న క్యాంబర్‌ను −1.4కు తెచ్చాం, లేకపోతే టైరు లోపలి అంచు తినేస్తుంది. ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. జీనాన్ హెడ్‌లైట్లకు ఎత్తు చూసే సెన్సర్లు సస్పెన్షన్ ఆర్మ్‌లకు తగిలించి ఉంటాయి. ఎత్తు మారాక వీసీడీఎస్ (కారు కంప్యూటర్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్) పెట్టి వాటికి కొత్త సున్నా నేర్పాలి. లేకపోతే ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో కొట్టవచ్చు.

వెంటనే నాయనను ఊళ్లో దింపడానికి అనంతపురం బయల్దేరాను. దేవనహళ్లి, చిక్కబళ్లాపుర, బాగేపల్లి, కొడికొండ, పెనుకొండ. కొత్త షాక్ కొద్దిగా బిగువుగానే ఉంది. తక్కువ వేగంలో చిన్న చిన్న రాళ్లు కూడా చేతికి తెలుస్తాయి, పాత కంపెనీ మెత్తదనం లేదు. అది నచ్చనివాళ్లు ఉంటారు, అర్థం చేసుకోగలను. కానీ 80 దాటాక బండి నేలకు అతుక్కున్నట్టు ఉంది. పెనుకొండ దగ్గర వంతెన అతుకు మీద ఒక్కసారి దిగి, ఒక్కసారి లేచి, నిలబడింది. నాయన సీటు కొంచెం వెనక్కి వాల్చుకుని నిద్రపోయాడు. నాకు అంతకంటే వేరే పరీక్ష అక్కర్లేదు.

బయల్దేరేముందు వెనక షాక్ రాడ్డుకు ఒక జిప్ టై కట్టి కిందికి తోసి పెట్టాను. షాక్ ఎంత లోతు దిగితే అది అంత జరిగి అక్కడే ఆగుతుంది. కొత్త షాకులతో వెనక మిగిలిన జాగా 44 మిల్లీమీటర్లు. రాను పోను 420 కిలోమీటర్లు తిరిగి వచ్చి చూస్తే జిప్ టై 52 దగ్గర ఉంది. అంటే ఎక్కడో ఒకచోట 8 మిల్లీమీటర్లు బంప్ స్టాప్‌ను ముట్టుకుంది, నాకు తెలియనే లేదు. ముందు స్ట్రట్‌కు ఇలా చూడలేం, అంతా లోపలే.

800 కిలోమీటర్లు తిరిగాక స్ప్రింగులు పూర్తిగా సర్దుకున్నాయి. మళ్లీ కొలిస్తే ముందు 22, వెనక 19 తగ్గింది. రెండోసారి అలైన్‌మెంట్ చేయించి, ఆ కాగితం ఇన్సూరెన్స్ ఫైల్‌లోనే పెట్టాను. ఫెండర్ సందులో ఇప్పుడు మూడు వేళ్లు పడతాయి. గేటు ముందు స్పీడ్ బ్రేకర్ మీద, పక్క సీట్లో మనిషి కూర్చున్నా, కింద నుంచి చప్పుడు రావడం లేదు. హరళూరు దారి మాత్రం మానేశాను.